మూడు నక్షత్రాల ఏడుపు

"ఇది నువ్వు రాసిందేనా, కాదా? ముందు అది చెప్పు."

అన్నయ్య చీటీని బల్ల మీద పెట్టి అరచేత్తో చరిచాడు. బల్ల మీదున్న చిన్న చిన్న మరలన్నీ ఎగిరిపడ్డాయి. నాన్న గబగబా రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"మెల్లిగారా. ఒక్కటి కింద పడితే రేపటిదాకా వెతుక్కోవాలి."

"నేను నా ఉద్యోగం గురించి మాట్లాడుతుంటే నువ్వు మరల గురించి మాట్లాడతావేంటి నాన్నా!"

గుసగుస తల ఎత్తలేదు. ఆ పిల్లని ఇంట్లో, వీధిలో, బడిలో అందరూ అలాగే పిలుస్తారు. ఆమె మాట పక్కన కూర్చున్నవాళ్ళకి కూడా ఒక పట్టాన వినపడదు. ఒళ్ళో ఎవరిదో గేమ్ కంట్రోలర్ విప్పి పెట్టుకుని, బటన్ల సందుల్లోంచి పుల్లతో నల్లటి జిడ్డు తీస్తోంది. ఎవరి చెమటో, ఎవరి ఎంగిలో. పుల్ల చివర ఒక గోరు ముక్క కూడా వచ్చింది. దాన్ని కాగితంలో చుట్టి అవతల పారేసింది.

"నేనే రాశాను."

"ఏంటి? వినపడలేదు."

"నేనే రాశానన్నాను అన్నయ్యా."

"విన్నావా నాన్నా? గొంతు చూస్తే చీమ నడిచినట్టుంటుంది. రాత చూస్తే కొరడా!"

అన్నయ్య చీటీ ఎత్తి, గొంతు సన్నగా చేసి, ఆడపిల్లలా చేతులు తిప్పుతూ చదవడం మొదలుపెట్టాడు.

"ఫ్యాన్ మార్చాం. గంటసేపు ఆడించి చూశాం, వేడెక్కలేదు. లోపలున్న ఆట సంగతి. పాప ఏడవగానే పాలు పడితే ఒక్క నక్షత్రం ఇస్తున్నారు. మొహం కందిపోయి నీలంగా మారేదాకా ఆగి పడితే మూడు నక్షత్రాలు. ఆగడం నేర్పే ఆట అన్నమాట. కడుపులో తిప్పింది. ఆడాక చేతులు రెండుసార్లు కడుక్కున్నాను."

నాన్నకి నవ్వొచ్చింది. దగ్గినట్టు నటించాడు.

"చేతులు రెండుసార్లు కడుక్కుందట! ఆ పెట్టె ఎవరిదో తెలుసా? మా పెద్దసారుది. డ్రైవర్ పేరు మీద వచ్చింది కాబట్టి మీకు తెలీలేదు. ఆ ఆట ఎవరిదో తెలుసా? మా కంపెనీది. వచ్చే నెల బయటికి రావాలి. పెద్దసారు కూతురు ఈ చీటీ చదివి ఇంటిల్లిపాదికీ వినిపించి, ఇక ఆ ఆట ముట్టుకోనని మొండికేసి కూర్చుంది."

గుసగుస చేతిలో పుల్ల ఆగిపోయింది. అన్నయ్య కంపెనీ ఏదో చేస్తోందని తెలుసుగానీ, ఏం చేస్తోందో ఆయన ఏనాడూ ఇంట్లో చెప్పలేదు. అడిగితే 'మీకు అర్థం కాదులే' అనేవాడు.

మూలన కుర్చీలో కూర్చున్న నాయనమ్మకి ఈ గొడవంతా పెదవులు కదలడంగానే కనపడుతోంది. ఆమెకి చెవులు మందగించి నాలుగేళ్ళయింది. ఏం జరుగుతోందో ఎవరూ చెప్పకపోతే ఆమె ఊరుకునే రకం కాదు. చేతికర్రతో నేల మీద కొట్టింది. టక్ టక్... టక్.

రెండు, ఆగి ఒకటి. ఎప్పుడూ అంతే. స్నానాల గది తలుపైనా, వంటగది గట్టైనా, మనవల వీపైనా ఆమె దరువు మారదు.

"ఏం లేదు నాయనమ్మా!" అన్నయ్య అరిచాడు. "నీ మనవరాలు నన్ను రోడ్డు మీద పడేసింది, అంతే!"

"రోడ్డు మీద ఏం పడేసింది?"

"నన్ను!"

"అయితే తీసుకో" అంది నాయనమ్మ. మళ్ళీ చేతిలోని పాత ఆటపెట్టెలోకి తల దూర్చింది.

* * *

చీటీల అలవాటు నాన్న పెట్టిందే. ఇంటి ముందు గదే ఆయన ఆటపెట్టెల మరమ్మతు దుకాణం. టీవీకి తగిలించే పెద్ద పెట్టెలు, అరచేతిలో ఇమిడే చిన్నవి, తాతల కాలం నాటి క్యాసెట్ పెట్టెలు, అన్నీ అక్కడికే వస్తాయి. బాగుచేశాక ఒక్కొక్కటి గంటసేపు ఆడించి చూడాలి. ఆ పని గుసగుసది. ఒకాయన 'ఆడించకుండానే ఇచ్చేశారు' అని రచ్చ చేసి వెళ్ళాక నాన్న అన్నాడు, "ఇకనుంచి లోపలున్న ఆట గురించి రెండు ముక్కలు రాసి పెట్టమ్మా. ఆడామని నమ్ముతారు."

నోరు తెరవని పిల్లకి కాగితం దొరికింది. ఇంకేముంది!

కారు పందేల ఆట గురించి, "జనాన్ని గుద్దితే గాల్లో లేచి కిందపడి మళ్ళీ చప్పట్లు కొడుతున్నారు. ఊరంతా కట్టారు గానీ ఒక్క తలుపూ తెరుచుకోదు" అని రాసింది. కత్తియుద్ధాల ఆటలో "ఆడవాళ్ళ కవచానికి పొట్ట దగ్గర కిటికీ పెట్టారు, కత్తులు అటు రావని నమ్మకం కాబోలు" అంది. ఫుట్‌బాల్ ఆటకి ఒకే వాక్యం: "పోయినేడాది ఆటకే చొక్కాలు మార్చారు." దయ్యాల ఆటలో దయ్యం కన్నా గోడల మీద కారుతున్న చీము ఎక్కువ కష్టపడి గీశారని రాసింది. యుద్ధాల ఆట మూసి పెట్టాక మాత్రం చాలాసేపు కలం పట్టుకుని కూర్చుంది. "చచ్చినవాడి జేబులు వెతకడానికి ఒక బటన్ ఉంది. దాహంతో ఉన్నవాడికి నీళ్ళివ్వడానికి బటన్ లేదు."

ఒక్క నాయనమ్మ ఆడే ఇటుకల ఆటకే మంచి మాట దక్కింది. పైనుంచి ఇటుకలు పడతాయి, పేర్చుకోవాలి, వరస నిండితే మాయమవుతుంది. "ఇది శుభ్రంగా ఉంది. ఎవరినీ చంపదు. ఎవరినీ పొగడదు."

ఆ చీటీలు చేతులు మారాయి. కొందరు ఫోటోలు తీసి ఒకరికొకరు పంపుకున్నారు. చీటీ కోసమే బాగున్న పెట్టెల్ని కూడా తెచ్చేవాళ్ళు తయారయ్యారు.

ఇప్పుడు ఆ చీటీయే అన్నయ్య మెడకి చుట్టుకుంది.

* * *

"పెద్దసారు మంచివాడు కాబట్టి సరిపోయింది" అన్నాడు అన్నయ్య, కాస్త తగ్గి. "నా చెల్లెలని తెలిశాక కోపం మింగాడు. 'ఆ పిల్ల చేతిరాతతోనే రెండు మంచి మాటలు రాయించు, ప్రతి డబ్బా మీదా అచ్చు వేద్దాం' అన్నాడు. నాలుగింటికి డ్రైవర్ వస్తాడు. చీటీ చేతికివ్వాలి."

"ఇవ్వకపోతే?" అన్నాడు నాన్న.

"సోమవారం నుంచి రావద్దన్నాడు."

గోడ గడియారంలో మూడు దాటి ఇరవై నిమిషాలైంది.

"రాసెయ్యమ్మా" అన్నాడు నాన్న, స్క్రూడ్రైవర్ వైపు చూస్తూ. "రెండు ముక్కలేగా. ఎవరి ఆస్తి పోయింది?"

"ఆడకుండా రాయను నాన్నా. ఆడాను, చెడ్డదనిపించింది."

"ఆడావా?" అన్నయ్య కుర్చీ ఆమె ముందుకి లాక్కున్నాడు. "సౌండ్ పెట్టుకుని ఆడావా?"

గుసగుస పుల్ల కింద పెట్టింది.

ఆమె సౌండ్ పెట్టలేదు. ఏ ఆటకీ పెట్టదు. బాగుచేసిన పెట్టె ఆరోగ్యమంతా దాని ఫ్యాన్ చప్పుడులో ఉంటుందని నాన్న నమ్మకం. ఫ్యాన్ గరగరమంటోందా, ఈల వేస్తోందా, ఆగి ఆగి తిరుగుతోందా అని చెవి ఒగ్గి వినాలి. అందుకని టీవీ ఒక్కసారి 'కుయ్' మనగానే గొంతు నొక్కేస్తారు. ఆ దుకాణంలో కార్లు చప్పుడు లేకుండా గుద్దుకుంటాయి. సైనికులు చప్పుడు లేకుండా చస్తారు.

"ఆ ఆటలో సౌండ్ అంతా నాది" అన్నాడు అన్నయ్య. ఈసారి గొంతులో వెటకారం లేదు. "ఏడాది కష్టం. ఈ ఇంట్లో ఒక్కరైనా విన్నారా? నాయనమ్మకి చెవులు లేవు. నాన్నకి ఫ్యాన్ చప్పుడు తప్ప ఇంకోటి అక్కర్లేదు. నువ్వేమో సగం ఆట చూసి, మొత్తానికి తీర్పు చెప్పి, చేతులు కడుక్కున్నావు. ఇదేనా నీ న్యాయం?"

ఆ మాట సూటిగా తగిలింది. గుసగుసకి చెవులు వేడెక్కాయి. ఇన్ని చీటీలు రాసింది. ఒక్కదాని మీదా 'వినలేదు' అని రాయలేదు.

"నిజమే అన్నయ్యా. తప్పే" అంది. "పెట్టు. ఇప్పుడు వింటాను. బాగుంటే బాగుందని రాస్తాను. నా మీద ఒట్టు."

అన్నయ్య మొహం వెలగాలి. వెలగలేదు.

"ఇప్పుడెందుకు వినడం? టైమ్ లేదు. రాస్తే చాలు."

"పది నిమిషాలేగా."

"వినాల్సిన పని లేదంటున్నాగా!"

"ఇదెక్కడి గోలరా" అన్నాడు నాన్న. "వినలేదని నువ్వే తిడతావు, వింటానంటే నువ్వే వద్దంటావు. విననీ. నేనూ వింటాను." చెయ్యి చాచి, అన్నయ్య చీటీతో పాటు తెచ్చిన పెట్టె తీసుకుని, తీగలు తగిలించాడు.

* * *

తెర మీద గులాబీ రంగు గది. ఉయ్యాలలో బుగ్గల పాప. కింద ఒక పాల సీసా బొమ్మ, దాని పక్కన ఎర్రటి గీత. గీత తగ్గేకొద్దీ ఆకలి పెరుగుతుంది. పాలు పట్టాలంటే గుండ్రటి బటన్ నొక్కాలి.

నాన్న సౌండ్ పెంచాడు.

మొదట పిట్టల కూతలు. తర్వాత ఉయ్యాల కిర్రుమనడం. "ఇది బాగుందిరా" అన్నాడు నాన్న నిజంగానే. అన్నయ్య గోళ్ళు కొరుక్కుంటున్నాడు.

గీత సగానికి వచ్చింది. పాప ఏడుపు మొదలుపెట్టింది.

గుసగుస బటన్ మీద బొటనవేలు పెట్టింది. నొక్కలేదు. మూడు నక్షత్రాలు కావాలంటే ఆగాలి. ఆగితేగానీ మొత్తం వినపడదు.

మూడు కేకలు. తర్వాత ఊపిరి గొంతులో ఎక్కడో గడియ పడ్డట్టు ఆగింది. చిన్న ఎక్కిళ్ళు. మళ్ళీ మూడు కేకలు.

గొంతు కొంచెం లావు చేశారు, సాగదీశారు. కానీ ఆ గడియ పడటం ఆమెకి తెలుసు. పుట్టిన నాటి నుంచీ, ఇదే ఇంట్లో ఉండే అక్క కూతురు అలాగే ఏడుస్తుంది. మూడు కేకలు, ఒక గడియ. 'నీ కూతురు లెక్కగా ఏడుస్తుందే' అని నాన్న అక్కని ఆటపట్టించేవాడు కూడా.

గీత ఇంకా తగ్గింది. ఏడుపు కింద మెల్లిగా ఇంకో చప్పుడు. దూరంగా, దుప్పట్ల వెనక నుంచి వస్తున్నట్టు. దానికి తగ్గట్టు తెర మీద ఎర్రటి గుండె బొమ్మ కొట్టుకుంటోంది.

టక్ టక్... టక్.

టక్ టక్... టక్.

గుండె అలా కొట్టుకోదు.

ఆ మంగళవారం ఆమె కళ్ళ ముందుకొచ్చింది. మూడు నెలలైంది. అక్క బస్సు డ్యూటీకి వెళ్ళింది. తనేమో బడిలో, నాన్నేమో విడిభాగాల బజారులో. సాయంత్రానికి అయిదు నెలల పాప గొంతు బొంగురుపోయి, ఒళ్ళు కాలిపోయి, రెండు రోజులు ఆసుపత్రిలో ఉంది. 'పాపని నాయనమ్మకిచ్చి నేను ఆఫీసుకెళ్ళాను' అని అన్నయ్య అన్నాడు. 'లేదురా, వెనక గదికి గడియ వేసుంది, పిల్ల ఏడుస్తోందని ఎంతసేపు కొట్టానో' అని నాయనమ్మ అంది. చెవులు లేనిదానికి ఏడుపెలా తెలిసిందని అందరూ అడిగారు. 'తలుపు మీద చెయ్యి పెడితే తెలిసింది' అంది. ఎవరూ నమ్మలేదు. ఆ రోజు నుంచి అక్క పాపని నాయనమ్మ చేతికివ్వలేదు. పాపని బయట పిల్లల్ని చూసుకునే చోట వదిలి వెళుతోంది. కొన్నాళ్ళకి నాయనమ్మకే తన మీద నమ్మకం పోయింది. 'నిద్రపోయానేమోనే. కల గన్నానేమో' అని పోయిన వారం గుసగుసని పట్టుకుని ఏడ్చింది.

వెనక గది అన్నయ్యది. గోడల నిండా గుడ్ల అట్టలు అంటించి, తలుపుకి రెండు దుప్పట్లు వేలాడదీసి, లోపల మైకు పెట్టుకుని సౌండ్లు పట్టుకునే గది.

గుసగుస తల తిప్పి అన్నయ్యని చూసింది. ఆయన ఆమె కళ్ళలోకి చూడలేదు.

"ఎంతసేపు?" అంది.

"ఏంటి?"

"ఎంతసేపు ఏడవనిచ్చావు?"

"ఏం వాగుతున్నావు?"

"మూడు నక్షత్రాలకి ఎంతసేపు పట్టింది అన్నయ్యా?"

నాన్న ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ నెమ్మదిగా బల్ల మీదికి దిగింది. ఆయన చెవి ఫ్యాన్‌లోని వెంట్రుకంత తేడాని పట్టుకునే చెవి. ఆ దరువు దానికి తెలియకుండా ఎలా ఉంటుంది? మొహంలో రంగు మారిపోయింది.

అన్నయ్య ముందుకి వంగాడు. గొంతు ఇప్పుడు గుసగుస గొంతు కన్నా చిన్నదైపోయింది.

"పావుగంట అనుకున్నాను. మధ్యలో మైకు సరిగ్గా పట్టలేదు. మళ్ళీ తీయాల్సొచ్చింది. కొన్న ఏడుపులన్నీ ప్లాస్టిక్‌లా ఉన్నాయన్నాడు పెద్దసారు. నిజమైనది తెమ్మన్నాడు. పిల్లలన్నాక ఏడవరా? నేనేమన్నా కొట్టానా, గిల్లానా? ఆకలికి ఏడ్చింది, అంతేగా."

"ఆ తలుపు దెబ్బలు తీసెయ్యలేదేం?"

"పోలేదు. ఏడుపుతో కలిసిపోయాయి." ఒక్క క్షణం ఆగాడు. "పెద్దసారే అన్నాడు, గుండె చప్పుడులా భలే ఉంది, ఉంచెయ్ అని."

ఆ 'భలే' దగ్గర, అన్నయ్య మూతి మీదికి, ఆపుకోలేక, ఒక చిన్న గర్వం వచ్చి వెళ్ళింది. గుసగుసకి కంట్రోలర్ల జిడ్డు గుర్తొచ్చింది. పెట్టెల మూతలు తీయగానే పొరలు పొరలుగా కనపడే బొద్దింకల రెక్కలు గుర్తొచ్చాయి. వాటిని రోజూ చేత్తో తీస్తుంది. ఏ రోజూ ఇంత రోత పుట్టలేదు.

తెర మీద పాప మొహం నీలానికి తిరుగుతోంది. ఏడుపు గది నిండిపోయింది.

వీధి తలుపు కిర్రుమంది.

"డ్రైవర్" అన్నాడు అన్నయ్య. "నొక్కు. పాలు పట్టు. ఏడుపు ఆగిపోతుంది. నొక్కేయ్, నీకు దణ్ణం పెడతా."

డ్రైవర్ కాదు.

ఖాకీ చొక్కాతో, భుజాన సంచితో అక్క గుమ్మంలో నిలబడింది. ఈరోజు డ్యూటీ ముందే దిగినట్టుంది. పాప ఆమె భుజం మీద తల వాల్చి గాఢంగా నిద్రపోతోంది.

అక్క అడుగు ముందుకి వేయబోయి ఆగింది. టీవీ వైపు చూడలేదు. గది చుట్టూ, కుర్చీల కింద, గోడ పక్కనున్న పాప ఉయ్యాల వైపు, వెనక గది వైపు చూసింది. ఒక చెయ్యి ఆమెకి తెలియకుండానే భుజం మీది పాప వీపుని తడుముకుంది. ఉంది. అక్కడే ఉంది.

"ఇదేంటి?" అంది. "నా కూతురు నా దగ్గరే ఉంది. మరి అక్కడ ఏడుస్తోందెవరు?"

"నొక్కు" అన్నాయి అన్నయ్య పెదవులు, శబ్దం లేకుండా.

ఒక్క నొక్కు. అక్క టీవీ వైపు తిరిగేలోపు పాప నవ్వుతుంది, మూడు నక్షత్రాలు తిరుగుతాయి, పిట్టలు కూస్తాయి. నాలుగింటికి చీటీ వెళుతుంది. సోమవారం అన్నయ్య ఆఫీసుకెళతాడు.

గుసగుస బటన్ మీద నుంచి వేలు తీసేసింది. కంట్రోలర్‌ని బల్ల మీద, అన్నయ్య చేతికి అందనంత దూరంలో పెట్టింది.

మూడు కేకలు. గడియ. ఎక్కిళ్ళు.

అక్క తన చొక్కా వైపు చూసుకుంది. ఎడమ జేబు కింద, ఖాకీ మీద, పాల తడి మచ్చ ఒకటి నెమ్మదిగా పెద్దదవుతోంది. మనసుకి ఇంకా తెలియనిది ఒంటికి తెలిసిపోయింది. ఆమె మొహం పాలిపోయింది.

"అక్కా, కూర్చో, నేను చెప్తా" అని అన్నయ్య లేచాడు. నాన్న ఆయన భుజం పట్టి కూర్చోబెట్టాడు. ఇన్నేళ్ళలో నాన్న కొడుకు మీద చెయ్యి వేయడం అదే మొదటిసారి.

మూలన నాయనమ్మ తల ఎత్తింది. అందరూ కొయ్యబొమ్మల్లా ఉన్నారు. ఎవరూ తనకేమీ చెప్పడం లేదు. ఆమె ఇటుకల ఆటని ఒళ్ళో పెట్టుకుని, విసుగ్గా కర్ర తీసి నేల మీద కొట్టింది.

టక్ టక్... టక్.

టీవీలోంచి, ఏడుపు కింది నుంచి, జవాబొచ్చింది.

టక్ టక్... టక్.

అక్క చప్పుడొచ్చిన టీవీ వైపు తిరిగింది, మెల్లిగా చూపు మళ్ళించి నాయనమ్మని చూసింది. కర్రని చూసింది. వెనక గది తలుపుని చూసింది. తర్వాత నాలుగడుగులు వేసి నాయనమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుని, ఆమెకి కనపడేలా పెదవులు విడదీసి, ఒక్కొక్క మాటా పలికింది.

"నాయనమ్మా, ఇంకోసారి కొట్టు."